పది గీతల కోసం కెనడా

కెనడా వెళ్లొచ్చానని తెలియగానే అందరూ అడిగేది ఒకటే, నయాగరా ఎలా ఉందని. నేను చూడలేదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మడం లేదు. కొందరైతే జాలిపడుతున్నారు కూడా. మా బాబాయి కొడుకు శౌరి ఓక్‌విల్‌లో ఉంటాడు. వాడింటి నుంచి కారులో గంట పైచిలుకు ప్రయాణమట. "ఒక్క పూట అక్కా, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దాం" అని బతిమాలాడు. నీళ్లు పైనుంచి కింద పడటం నేను నాగార్జునసాగర్‌లో చూశానులేరా అన్నాను. నేను అంత దూరం వెళ్లింది పది గీతలు చూడటానికి. సిరాతో గీసిన పది నిలువు గీతలు, ఒక్కొక్కటీ బియ్యపు గింజంత.

సంగతేమిటంటే, మా నాన్న జోజయ్య మాస్టారు గుంటూరు జిల్లాలో ఒక సెమినరీలో, అంటే ఫాదర్లు కాబోయే కుర్రాళ్లు చదువుకునే చోట, లాటిన్ చెప్పేవారు. బడి వదిలితే మిరప చేలో ఉండేవారు. ఈ రెండు పనులకీ కుదిరే పుస్తకం ఒకటి ఆయన చేతిలో పడింది. రోమన్ల కాలంనాటి సేద్యం పుస్తకం. రాసినవాడి పేరు కూడా మిగల్లేదు. నాన్న దాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టి, జీవితమంతా అదే పట్టుకుని కూర్చున్నారు.

అందులో ఒక రైతు కరువుకి తట్టుకోలేక పొలం వదిలిపోతూ పాలేరుకి అప్పగింతలు పెడతాడు. బావులు ఎండాయంటాడు, ఎద్దులు పడిపోయాయంటాడు, చివర్లో ఒక్క మాట చెబుతాడు. అచ్చు పుస్తకంలో ఆ మాట "ఉన్న ద్రాక్షారసాన్ని కాపాడు" అని ఉంది. నాన్న ఒప్పుకోలేదు. "గొడ్లు కళ్లముందు చస్తుంటే తాగుడు జాడీలకి కాపలా పెట్టే రైతు ఉంటాడంటే నేను నమ్మను" అనేవారు. ద్రాక్షారసాన్ని లాటిన్‌లో వీనుం అంటారు. ప్రాణమున్నదాన్ని వీవుం అంటారు. అక్కడ ఉండాల్సింది వీవుం అనీ, "ప్రాణమున్నదాన్ని కాపాడు" అన్నాడనీ, ఎవరో ఎత్తిరాసేటప్పుడు పొరబడ్డారనీ నాన్న వాదన.

అప్పటి రెక్టరు, అంటే సెమినరీ పెద్ద, చిన్నప్ప ఫాదర్ గారు ఆ వాదన విని పొట్ట పట్టుకుని నవ్వారు. "మీరు తాగకపోతే మానె మాస్టారూ, రోమన్లని కూడా మాన్పించేస్తారా?" అన్నారు. ఆ పూట నుంచి మా నాన్న పేరు వీవుం మాస్టారు అయిపోయింది. సెమినరీ కుర్రాళ్లు అన్నారంటే సరే, మిరపకాయలు బేరమాడటానికి వచ్చే వ్యాపారి కూడా అదే పేరుతో పిలిచేవాడు. నాన్నని సమాధి చేసిన రోజున కూడా వెనక ఎవరో "పాపం, వీవుం మాస్టారు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. లాటిన్ మాత్రం నాన్న దగ్గర, కళ్లంలో తాలు కాయలు ఏరుతూ నేర్చుకున్నాను. ఆయన అనువాదం ఇప్పుడు తెనాలిలో అచ్చవుతోంది. ఆ ఒక్క పేజీ ఆపమన్నాను. ఆ సేద్యం పుస్తకానికి లోకంలో మిగిలిన ఏకైక చేతిరాత ప్రతి మాంట్రియల్‌లో ఉందని ఒక పాత పుస్తకం అడుగున చిన్నక్షరాల్లో చూశాను. అక్కడే యూనివర్సిటీలో లాటిన్ చేతిరాతలు చదవడం నేర్పే వేసవి తరగతులున్నాయి. అప్లై చేశాను, రమ్మన్నారు. చిన్నప్ప ఫాదర్ ఇప్పుడు పండు ముసలి. ఆశీర్వాదం కోసం వెళితే నెత్తిన చెయ్యి పెట్టి, "వెళ్లిరా తల్లీ, ద్రాక్షారసం చూసిరా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. చూసొచ్చి మీ నోరు మూయిస్తానని మనసులో అనుకుని విమానమెక్కాను.

ఓక్‌విల్: మే ఇంటేక్

విమానం నిండా మేలో కాలేజీల్లో చేరబోయే మన పిల్లలే. గుంటూరు, నల్గొండ, కడప, ఎటు తిరిగినా తెలుగే. నా పక్కన కూర్చున్న నల్గొండ అమ్మాయి ఒళ్లో ఫైలు పెట్టుకుని, సీటుబెల్టు ఎట్లా పెట్టుకోవాలో అడిగి, తర్వాత నన్ను ఎగాదిగా చూసింది.

"ఆంటీ, మీది కూడా మే ఇంటేకేనా?"

"ఔనమ్మా."

"ఏం కోర్సు?"

"లాటిన్ చేతిరాత."

"దానికి పీఆర్ వస్తదా ఆంటీ?" అని గొంతు తగ్గించి అడిగింది. అక్కడే ఉండిపోయే అనుమతి ఏదీ రాదన్నాను. "మరెందుకు పోతున్రు?" అంది.

శౌరి ఇల్లు బొమ్మలపెట్టెలా నీటుగా ఉంది. పొద్దున్నే వాడు టొరంటో రైలెక్కి ఆఫీసుకు పోతాడు, వీధిలో సగం ఇళ్లవాళ్లూ అదే రైలు. వాడి భార్య నిర్మల నన్ను ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్లింది. అక్కడ గోంగూర కట్ట మీద అంటించిన ధర చూసి నోరు వెళ్లబెట్టాను. కట్ట కూడా కాదు, ప్లాస్టిక్ కవర్లో నలిగి నల్లబడ్డ గుప్పెడాకు. "వదినా, రూపాయల్లోకి మార్చుకోకండి. మార్చుకుంటే మీరు ఇక్కడున్నన్నాళ్లూ ఉపవాసమే" అంది నిర్మల. నేను మార్చుకోకుండా ఉండలేకపోయాను. మా చేలగట్ల మీద గొడ్లు కూడా ముట్టని గోంగూర!

వాళ్ల పాప జెస్సీ నా లాటిన్ వ్యాకరణం తిరగేసి, "అత్తా, దిస్ లాంగ్వేజ్ ఈజ్ డెడ్, రైట్? సో హూ ఆర్ యు గోయింగ్ టు టాక్ టు?" అంది. మీ తాతయ్యతో అన్నాను. పిల్ల హడలిపోయి వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తింది. "వదినా, దాన్ని భయపెట్టకండి, రాత్రి మా మంచం మీదకొస్తుంది" అని నిర్మల నవ్వింది. నవ్వులాట కాదు, నేను నిజమే చెప్పాను.

మాంట్రియల్: ఆ డ్రైవరు భక్తి

శౌరి రైలెక్కించాడు. మాంట్రియల్ స్టేషన్లో నన్ను దింపుకోవడానికి మేఘన వచ్చింది. నిర్మల స్నేహితురాలి చెల్లెలు, కరీంనగర్ పిల్ల. అక్కడ ఒక కాలేజీలో డిప్లొమా చదువుతూ సాయంత్రాలు బేకరీలో పనిచేస్తోంది. ఆమె, మరో ముగ్గురమ్మాయిలు కలిసి ఉండే ఫ్లాట్‌లో నాకో మంచం ఇచ్చారు.

టాక్సీ ఎక్కాం. రెండు సందులు దాటగానే ఎవడో కారు అడ్డం పెట్టాడు. మా డ్రైవరు, పెద్దాయన, చేతులు పైకెత్తి "తబర్నాక్!" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. చర్చిలో దివ్యసత్ప్రసాదం ఉంచే పెట్టెని లాటిన్‌లో అనే మాటే అది. ఇంకో మలుపులో ఎర్ర లైటు పడితే "కాలీస్!" అన్నాడు. పూజలో ఫాదర్ గారు ఎత్తే పాత్ర! చిన్న ఆపద వస్తే చాలు దేవుడి గుడి సామాను తలుచుకుంటున్నాడే, ఎంత భక్తో అనుకున్నాను. మూడోసారి "ఓస్తీ!" అని పూజలో పంచే అప్పం పేరెత్తేసరికి నేనిక ఉండలేక సిలువ గుర్తు వేసుకుని, గట్టిగా "ఆమెన్" అన్నాను.

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసిన చూపు ఈ జన్మలో మర్చిపోను. మేఘన నా చెయ్యి పట్టుకుని గుంజింది. "ఆంటీ, ఆంటీ, గవి బూతులు!"

"బూతులేంటే? చర్చి మాటలు!"

"ఇక్కడ బూతులన్నీ చర్చి మాటలే ఆంటీ. మా బేకరీల చెయ్యి కాలితే మా ఓనర్ గిదే అంటడు. నేను గూడ నేర్చుకున్న."

ఒకప్పుడు ఇక్కడ చర్చి మాటే చెల్లేదట. తాతల తరం మోకాళ్లు అరిగేలా ప్రార్థనలు చేసింది, మనవల తరానికి కోపమొస్తే తిట్టుకోవడానికి ఆ మాటలే దొరికాయి. లాటిన్ ఇక్కడ ఇలా బతికిందన్నమాట. ఇది చాలదన్నట్టు మర్నాడు ఆదివారం, మేఘన నన్ను దగ్గర్లో గోపురం కనిపించే చర్చికి తీసుకెళ్లింది. తలుపు తీస్తే లోపల పీఠం ఉండాల్సిన చోట ఒకడు చొక్కా లేకుండా బరువులెత్తుతున్నాడు. చర్చిని జిమ్ చేశారు! రంగు గాజు కిటికీల్లో పునీతులంతా వాడివైపే చూస్తున్నారు. మరో రెండు వీధులు నడిస్తే నిజం చర్చి దొరికింది. అందులో ఫిలిప్పీన్స్ వాళ్లూ, ఆఫ్రికా వాళ్లూ, మేమూ. ఊరివాళ్లు ముసలివాళ్లు నలుగురు ఉన్నారంతే.

క్లాసులో నేను నిరక్షరాస్యురాల్ని

మాకు పాఠం చెప్పిన ఆవిడ క్లేర్ గారు. తెల్ల జుట్టు, చెవి వెనక పెన్సిలు. మొదటి రోజే ఒక్కొక్కరి ముందూ ఒక్కో పాత పుటని మెత్తటి దిండు మీద పెట్టి చదవమన్నారు. నేను కాస్త గర్వంగానే వంగాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి లాటిన్ చదువుతున్నదాన్ని, చుట్టూ ఉన్న కుర్రకారుకి నా అంత వ్యాకరణం రాదు.

ఒక్క ముక్క చదవలేకపోయాను. ఒక్క ముక్క! కంచె కర్రలు పాతినట్టు వరసగా నిలువు గీతలు. వాటి మీద అక్కడక్కడా తోకలు. మాటకీ మాటకీ మధ్య జాగా ఉంటే ఉంది, లేకపోతే లేదు. సగం మాటలు మింగేసి పైన చిన్న గీత పెట్టి వదిలేశారు. అక్షరాభ్యాసం నాడు పలక ముందు కూర్చున్న పిల్లకి కూడా నాకంటే ఎక్కువ తెలుసు. కంగారులో పుట తిప్పబోయి, అలవాటు కొద్దీ, వేలు నాలిక మీద తడిచేసుకున్నాను.

క్లేర్ గారు వేసిన కేకకి గదంతా ఉలిక్కిపడింది. నా మణికట్టు గాల్లోనే పట్టేసుకున్నారు. "ఇది ఎన్ని యుద్ధాలు, ఎన్ని అగ్నిప్రమాదాలు దాటొచ్చిందో తెలుసా? మీ ఉమ్ముతో పోవాలా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఉమ్మి రాసి నోట్లు లెక్కపెట్టే దేశం నుంచి వచ్చానని ఆవిడకేం తెలుసు. సాయంత్రం ఆవిడే కాఫీ తెచ్చిచ్చి, ఆ గీతల గుట్టు విప్పారు. ఆ రాతలో ఒక గీత గీస్తే ఐ. రెండు గీతలు గీస్తే యు గానీ ఎన్ గానీ. మూడు గీస్తే ఎమ్. ఇక వి అనే అక్షరం వేరే లేదు, యు రాసి వి చదువుకోవాలి. మనం చిన్నప్పుడు మ కీ య కీ తేడా తెలియక తొడపాశాలు తిన్నామే, అలాంటిదే, కాకపోతే పుస్తకం పొడుగునా అంతే.

అప్పుడు కాగితం తీసుకుని వీనుం రాసి చూశాను. పది గీతలు. వీవుం రాసి చూశాను. అవీ పదే! రెండు మాటలూ అచ్చం ఒకేలా ఉన్నాయి. నాన్న ఎన్నడూ చేతిరాత ప్రతిని చూడలేదు. చేలో నిలబడి, ఎండిన బావి చూసి ఊహించారు. ఆ ఊహ సాధ్యమేనని ఈ పది గీతలు చెబుతున్నాయి. ఆ రాత్రి మేఘనకి నాన్న కథంతా చెప్పాను. "అయితే తాత గెలిచిండన్నట్టేనా?" అంది. ఇంకా అసలు పుట చూడలేదే, చూడాలి అన్నాను.

తరగతులు సాగేకొద్దీ నాకు తెలిసిందేమిటంటే, రోమన్ల పుస్తకాలు మిగలడమే ఒక వింత. వాళ్లు రాసుకున్న జమ్ము కాగితపు చుట్టలు పొడైపోయాయి. ఎక్కడో చలి మఠంలో ఎవరో ఒక సన్యాసి బుద్ధిపుట్టి చర్మం మీద ఎత్తిరాస్తే బతికాయి, లేకపోతే లేదు. చర్మం దొరక్కపోతే పాత పుస్తకాన్ని చాకుతో గీకేసి దానిమీద కీర్తనలు రాసుకునేవారట. "గీకేశారా! అక్షరాన్ని!" అని నేను చెవులు మూసుకున్నాను. కాలికి పుస్తకం తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం మనం. మరి మీ పాత ప్రతులేం చేసేవారని క్లేర్ గారు అడిగారు. చెదపట్టిన తాళపత్రాల్ని గౌరవంగా కృష్ణలోనో గోదావరిలోనో కలిపేవాళ్లని చెప్పాను. ఈసారి ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "నీళ్లలోనా! గీకినదాని అడుగున మేం ఇప్పటికీ చదవగలుగుతున్నాం. మీరు నదిలోంచి ఏం చదువుతారు?"

చర్మమంటే ఏ చర్మమో ఆలస్యంగా అడిగాను. దూడ చర్మమట. ఒక పెద్ద పుస్తకానికి మంద మందే కావాలట. ఇంటికొచ్చి చెబితే, శాకాహారి మేఘన "ఛీ ఆంటీ, చేతులు కడుక్కోండి ముందు" అని నన్ను సింకు దగ్గరికి తోసింది. నాకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. గొడ్లను కాపాడమన్నాడని నాన్న అంత పోట్లాడిన పుస్తకం దూడ చర్మం మీద రాసి ఉందా? ఈ సంగతి ఆయనకి తెలియకుండా పోవడమే మంచిదైంది.

ముక్కలైన పుస్తకం

తరగతులు ముగిశాక క్లేర్ గారిని అడిగాను, నా సేద్యం పుస్తకం చూపించమని. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని ఒక పెట్టె తెచ్చారు. అందులో పుస్తకం లేదు. విడి పుటలు నాలుగున్నాయి.

"తక్కినవి?"

"అమ్ముడుపోయాయి. ఇక్కడ దాన్ని ఉంచుకున్నవాళ్ల దగ్గర ఒక వ్యాపారి కొని, కుట్లు తెంపేసి, పుట పుటా విడిగా అమ్మాడు. మొత్తంగా అమ్మితే వచ్చేదానికంటే విడివిడిగా ఎక్కువ వస్తుంది. చాలా పుస్తకాలకి ఇదే గతి."

యుద్ధాలు దాటి, ఎలకలు దాటి, ఎవరో సన్యాసి వేళ్లు కొంకర్లు పోయేలా రాసిన ఏకైక ప్రతిని మాంసం కొట్టులో పోగులు పెట్టినట్టు పెట్టి అమ్మారా? వాడి చేతులు పడిపోను అని తెలుగులోనే తిట్టాను. ఇంగ్లీషులో అంత తిట్టు నాకు రాదు. క్లేర్ గారు మెల్లగా "తబర్నాక్" అన్నారు. ఆ క్షణాన నాకు ఆ మాట ఏమాత్రం తప్పనిపించలేదు.

అప్పగింతల పుట ఎడ్మంటన్‌లో ఒక లైబ్రరీలో ఉంది. దాని ఫొటో ఆవిడ దగ్గర ఉంది. ఫ్రేము కట్టిన పుటని పైనుంచి తీసిన ఫొటో. అచ్చంగా ఆ మాట దగ్గరే వెలుగు పడి అలుక్కుపోయింది. పది గీతలు లెక్కపెట్టగలిగాను, అంతే. "అసలు పుట చూస్తే తేలవచ్చు. యు లో రెండు గీతల్నీ కింద కలుపుతూ సన్నటి సిరా వెంట్రుక ఉంటుంది. ఎన్ లో అది పైన ఉంటుంది. భూతద్దం పెట్టి ఆ వెంట్రుక ఎక్కడుందో చూడండి" అన్నారు క్లేర్ గారు. నాన్న పరువు ఒక సిరా వెంట్రుక మీద ఆగింది.

శౌరికి ఫోన్ చేసి ఎడ్మంటన్ టికెట్ తియ్యమన్నాను. "అక్కా, అది దేశం అవతలి కొస. నయాగరా రమ్మంటే రాలేదు గానీ!" అని అరిచాడు. అరిచి, తీశాడు పాపం.

ఎడ్మంటన్: సారా సీసాల మీద

రాత్రి భోజనాల వేళ దాటినా ఎండ కాస్తూనే ఉంది. నేను బస చేసిన గదిలో తెర లాగినా వెలుతురు ఆగలేదు. సాయంకాలపు ప్రార్థన ఎప్పుడు చెప్పుకోవాలో కూడా తెలియని ఊరు. పొద్దున్నే లైబ్రరీకి పోతే ఓల్గా అనే ఆవిడ ఎదురొచ్చింది. వాళ్ల ముత్తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇక్కడ బీళ్లు దున్నారట. మధ్యాహ్నం తన డబ్బాలోంచి నాకు పిరోగీలు పెట్టింది. చూడటానికి కజ్జికాయలే, కొరికితే లోపల బంగాళాదుంప, ఉల్లిపాయ. తీపి వస్తుందని కొరికిన నోటికి ఉప్పు తగిలేసరికి ఉలిక్కిపడ్డాను. బాగున్నాయి, మూడు తిన్నాను.

ఫ్రేము తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇది మీకెలా వచ్చిందని అడిగాను. నూనె బావుల వ్యాపారం చేసిన ఒక కుటుంబం ఇచ్చిందట. వాళ్లింటి నేలమాళిగలో తాగడానికి కట్టుకున్న బారులో, సీసాల వరస మీద, ఏళ్ల తరబడి వేలాడిందట.

"బారులోనా? ఎందుకు?"

"వైన్ గురించి రాసిన పుట అని అమ్మినవాడు చెప్పాడట."

నేను కళ్లు మూసుకున్నాను. చిన్నప్ప ఫాదర్ నవ్వు చెవుల్లో వినిపించింది. ఎడ్మంటన్‌లో తాగుబోతులు కూడా మా నాన్నని చూసి నవ్వుతూ కూర్చున్నారన్నమాట.

నేను అంత దూరం నుంచి వచ్చానని ఓల్గా ఫ్రేము విప్పడానికి పైవాళ్లని ఒప్పించింది. వెనక మేకులు ఒక్కొక్కటే పీకి అద్దం తీసింది. పుట చుట్టూ అంచుల్ని కప్పుతూ అట్ట ఉంది. అది ఇంకా తియ్యలేదు. నేను ఆగలేక భూతద్దం తీసుకుని ఆ మాట మీద పెట్టాను. ఎదురుగా అసలు సిరా, గోధుమ రంగుకి తిరిగింది. మొదటి రెండు గీతలు, కింద కలిశాయి, యు. తర్వాత ఒకటి, ఐ. ఆ తర్వాత రెండు.

వెంట్రుక పైన ఉంది.

మళ్లీ చూశాను. కళ్లజోడు తుడుచుకుని చూశాను. ఓల్గాని చూడమన్నాను. "పైనే ఉంది. ఎన్. వీనుం" అంది. ద్రాక్షారసం. ద్రాక్షారసమే. అచ్చు పుస్తకం తప్పు కాదు, చిన్నప్ప ఫాదర్ తప్పు కాదు. నాన్నే తప్పు. నాకు ఏడుపు ఆగలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంత దూరం రాకుండా ఉంటే కనీసం అనుమానమైనా మిగిలేది, ఉన్నదాన్ని నేనే వచ్చి ఊడగొట్టాను. ఓల్గా కంగారుపడి కాగితపు రుమాలిచ్చింది. చేతులకి పని కావాలన్నట్టు మిగిలిన అట్ట కూడా ఊడదీయడం మొదలుపెట్టింది.

అట్ట కింద అంచు తెల్లగా ఉంది, ఎండ తగలక. ఆ తెలుపులో, సరిగ్గా మా వాక్యానికి ఎదురుగా, చీమ తలకాయలంత అక్షరాలతో ఏదో ఉంది. వేరే చేతిరాత, వేరే సిరా. పుట రాసినవాడి తర్వాత ఎప్పుడో ఎవరో చదువుతూ రాసుకున్నది. మొదట అడ్డగీత కొట్టిన ఎల్. అలా రాస్తే "లేదా" అని అర్థం, క్లేర్ గారు మాకు మొదటి వారంలోనే బట్టీ పట్టించారు. దాని పక్కన ఒక్క మాట. ఎవరూ పొరబడకూడదని మధ్య అక్షరానికి కింద మొన తేలేలా, వి లాగా ఒత్తి రాశాడు.

వీవుం.

"లేదా, ప్రాణమున్నదాన్ని."

భూతద్దం ఓల్గా చేతిలో పెట్టాను. ఓల్గా "ఏమైంది, ఏమైంది" అంటోంది. ఎవడో, ఏ కాలంవాడో, ఏ చలిదేశంలోనో కూర్చుని ఇదే వాక్యం దగ్గర ఆగాడు. ద్రాక్షారసమని కళ్లకి కనిపిస్తున్నా, వాడి మనసు ఒప్పుకోలేదు. గొడ్లు చస్తుంటే తాగుడు సంగతా అనుకుని ఉంటాడు. కొట్టెయ్యలేదు, గీకెయ్యలేదు. పక్కన రాసి ఊరుకున్నాడు. అచ్చు వేసినవాళ్లు దాన్ని పట్టించుకోలేదు, బారువాళ్లు అట్ట కింద పెట్టేశారు.

సాయంత్రం బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ చిన్నప్ప ఫాదర్ ఉదయం పూజకి లేచే వేళ. ఫోన్ చేశాను.

"ఫాదర్, నేను, జోజయ్య మాస్టారి అమ్మాయిని. పుట చూశాను."

"చూశావా తల్లీ! ఏముంది?"

"ద్రాక్షారసమే ఫాదర్. మీరన్నదే రైటు."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "అయ్యో" అన్నారు. "అలా లేకపోతే బాగుండేదమ్మా. మీ నాన్న గెలిస్తే చూడాలని నాకూ ఉండేది" అన్నారు. ఆయన నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అప్పుడు అంచున ఉన్న రాత సంగతి చెప్పాను. అక్షరం అక్షరం చెప్పాను.

"ఎవరమ్మా రాసింది?" అన్నారు.

"తెలియదు ఫాదర్. పేరు లేదు. ఎప్పుడో పోయి ఉంటాడు."

"అయితే నేను ఇన్నాళ్లూ ఇద్దర్ని పట్టుకుని నవ్వానన్నమాట" అన్నారు.

తెనాలివాళ్లకి వాక్యంలో ద్రాక్షారసమనే వెయ్యమని, పక్కన అంచులో నాన్న మాట వెయ్యమని చెబుతానన్నాను. అలాగే చెప్పు, అంచు సన్నగా వదలొద్దను అన్నారు. తర్వాత, "పూజకి టైమవుతోంది. ఇవాళ వాళ్లిద్దరి ఆత్మల కోసం పూజ పెడతాను. పేర్లు చదవాలి కదా. రెండో ఆయన పేరేమని చదవమంటావ్?" అన్నారు.

"నాకెలా తెలుస్తుంది ఫాదర్?"

"పేరు లేకుండా ఎలా చదివేదమ్మా? ఏదో ఒకటి చెప్పు."

"జోజయ్య అనే చదవండి" అన్నాను.

"ఇద్దరూ జోజయ్యలేనా?"

"ఇద్దరూ జోజయ్యలే ఫాదర్."

"సరే తల్లీ" అని ఫోను పెట్టేశారు.